బోరు రేటు అడక్కండి, కొలతలు అడగండి

లారీ ఇంజను పొగేస్తుందంటే చాలు, మనోళ్ళ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఒకటేనండి: "బోరుకి ఎంతవుద్ది?" ఫోన్లోనే అడుగుతారు. అవతల మేస్త్రి కూడా ఫోన్లోనే ఒక అంకె చెప్పేస్తాడు. ఆ అంకె పట్టుకుని ఓనరు అప్పుకి తిరుగుతాడు, మెడలో గొలుసు బ్యాంకులో పెడతాడు. తీరా ఇంజను విప్పాక అంకె రెండింతలవుద్ది. అప్పుడు మేస్త్రి మోసం చేశాడంటాడు ఈయన, నేను చెప్పింది బోరుకే కదా అంటాడు ఆయన.

నన్నడిగితే ఇద్దరిలో ఎవరిదీ మోసం కాదు, ప్రశ్నే సరైంది కాదు. విప్పని ఇంజనుకి రేటు ఉండదు. కొలిచాకే రేటు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మన దగ్గర ఒకట్రెండు బళ్ళతో బతికే కుటుంబాలు చానా నిలబడతాయని ఇది రాస్తున్నా.

మన బళ్ళ సంగతి మీకు తెలిసిందే. కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టుకుని హౌరా పోవాలి. పోవడానికే దాదాపు పన్నెండొందల కిలోమీటర్లు. గూడెం బళ్ళకి ఉల్లిపాయలు, బియ్యం లోడ్లు. ఉల్లిపాయ ఒక పూట ఆగినా పర్లేదు, చేప ఆగదు. దారిలో ఇంజను పట్టేసిందంటే ఐసు కరిగిపోద్ది, సరుకు పోద్ది, కిరాయి పోద్ది, ఆ పార్టీ మళ్ళీ మన బండి ఎక్కించడు. కాబట్టి పాత ఇంజనుని ఎప్పుడు విప్పాలి, ఎంత పెట్టాలి అన్నది ఇంటిల్లిపాదీ తిండికి సంబంధించిన లెక్క.

అసలు అరిగేది ఏంటి

సిలిండరులో పిస్టను కిందకీ పైకీ ఆడతది. పిస్టను చుట్టూ ఉండే రింగులు రెండు పనులు చేస్తాయి. పైన మండే గాలిని కిందకి పోనివ్వవు, కింద ఉన్న ఆయిలుని పైకి రానివ్వవు. రింగులు గానీ గోడ గానీ అరిగితే రెండూ జరుగుతాయి. మంట ఒత్తిడి కిందకి జారి బ్రీదరు గొట్టంలోంచి పొగలా కొడతది. దాన్నే మనోళ్ళు బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆయిలు పైకెక్కి మండి సైలెన్సర్లోంచి నీలం పొగవుద్ది.

గోడ అంతటా ఒకేలా అరగదండి. పిస్టను పైకెళ్ళి ఆగే చోట మంట ఒత్తిడి ఎక్కువ, ఆయిలు తక్కువ. అందుకే పైభాగం ఎక్కువ అరుగుద్ది, కింద తక్కువ. పిస్టను పక్కకి ఒరిగే దిక్కున ఇంకొంచెం ఎక్కువ. కొన్నాళ్ళకి గుండ్రంగా ఉండాల్సిన బోరు కోడిగుడ్డు వాటం అవుద్ది. ఈ అరుగుడు కంటికి కనపడదు. నోటుపుస్తకం కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటది. బోరు అంత అరిగిందంటేనే ఆలోచించాల్సిన సంగతి. అలాంటిదాన్ని వేలుపెట్టి తడిమి "బానే ఉంది" అంటే ఎలా నమ్మేది?

మన నేల మీద తొందరగా ఎందుకు పోతది

హైవే మీద మాత్రమే తిరిగే బండికీ, చెరువు గట్టెక్కే బండికీ తేడా ఉంది. ఎండాకాలం కొల్లేటి గట్ల మీద లోడింగుకి పోతే ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి మింగుద్ది. ఎయిర్ ఫిల్టరు చిరిగినా, దాని గొట్టం దగ్గర క్లిప్పు వదులైనా ఆ దుమ్ము సిలిండరులోకే పోతది. మెత్తటి దుమ్ము, ఆయిలు కలిస్తే గరుకు కాగితం రాసినట్టే. బోరు త్వరగా పోడానికి పెద్ద కారణం ఇదే. ఒక క్లిప్పు ఖరీదెంత, ఒక బోరు ఖరీదెంత, మీరే చూసుకోండి.

రెండోది నీళ్ళు. రేడియేటరు వేడెక్కితే పక్కన చెరువులోంచో, కాలవలోంచో బకెట్టు ముంచి పోసేస్తారు. ఉప్పుటేరు వైపు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కూడా. ఆ నీళ్ళకి లోపల పొక్కు కడతది, తుప్పు పడతది, వేడి బయటకి రాదు. నీళ్ళలో నేరుగా మునిగి ఉండే తడి లైనర్ల ఇంజన్లలో ఇంకో జబ్బు ఉంది. లైనరు అదురుడికి బయటివైపు నీటి బుడగలు పుట్టి పగులుతా గోడకి సూది బెజ్జాలు పెడతాయి. కూలెంటు పోసేది చల్లదనానికే కాదు, ఈ బెజ్జాలు, తుప్పు రాకుండా కూడా.

మూడోది థర్మోస్టాటు. బండి వేడెక్కుతుందంటే మన షెడ్లలో మొదట పీకి అవతల పారేసేది దాన్నే. అది లేకపోతే ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు. చల్లగా నడిచే ఇంజనులో డీజిలు పూర్తిగా మండక గోడల మీద ఆయిలుని కడిగేస్తది, కిందకి దిగి ఆయిలుని పల్చన చేస్తది. వేడి ఎక్కువైతే హెడ్డు పోద్ది, వేడి తక్కువైతే బోరు పోద్ది. రేడియేటరు బాగుచేయించాల్సిన చోట థర్మోస్టాటు పీకితే జబ్బు అక్కడే ఉంటది, ఇంకో జబ్బు తోడవుద్ది.

నాలుగోది వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు కొల్లేటికి చేరి ఏలూరు–కైకలూరు రోడ్డెక్కి రాకపోకలు ఆగిపోయాయి గదా. అలాంటప్పుడు నీళ్ళలో ఆగిన బండికి వెంటనే సెల్ఫు కొట్టకూడదు. గాలి నలుగుద్ది గానీ నీళ్ళు నలగవు. సిలిండరులో నీళ్ళుండగా ఇంజను తిరిగితే కనెక్టింగ్ రాడ్డు వంగుద్ది. నాజిళ్ళు విప్పి, ఇంజను చేత్తో తిప్పి, నీళ్ళు బయటకి తోలి, ఆయిలు మార్చాకే స్టార్టు చేయాలి. ఈ ఓపిక ఒక్క పూట పని, బ్లాకు పగిలితే మొత్తం ఇంజను పని.

విప్పకముందు చూడాల్సినవి

పొగ కనపడగానే బోరు అనుకోనక్కర్లేదు. నల్ల పొగంటే డీజిలు ఎక్కువ, లేదా గాలి తక్కువ. నాజిళ్ళు, పంపు, ఎయిర్ ఫిల్టరు, టర్బో గొట్టాలు చూపించుకోవాలి. నీలం పొగంటే ఆయిలు మండుతుంది. అదైనా రింగులే అని లేదు, టర్బో సీలు పోయినా, వాల్వు గైడ్లు అరిగినా ఆయిలు మండుద్ది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే, నీళ్ళు తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్టో, హెడ్డు బీటో అనుమానించాలి. ఆయిలు డిప్ స్టిక్కు మీద మజ్జిగ రంగు కనపడితే ఇక బండి తిప్పకుండా ఆపేయాలి.

ఆ తర్వాత కంప్రెషన్ గేజీ. నాజిలు విప్పి ఆ బెజ్జంలో గేజీ పెట్టి ప్రతి సిలిండరుకీ అంకె రాయించుకోండి. ఆరింటిలో ఐదు సమానంగా ఉండి ఒకటే పడిపోతే అది ఒక సిలిండరు కథ, వాల్వు కావచ్చు, రింగు విరిగి ఉండొచ్చు. ఆరూ కలిసి పడిపోతే అప్పుడది వయసు. ఇంజను బాగా వేడెక్కాక ఐడిలింగులో ఆయిలు ప్రెషరు ఎంతుందో కూడా రాయండి. అది పడిపోతుంటే అరిగింది పైన కాదు, కింద బేరింగుల్లో, క్రాంకులో, ఆయిల్ పంపులో. పైపని చేయించి కింద వదిలేస్తే ఏమవుద్దో ముందు ముందు చెబుతా.

ఏ ఇంజనో తెలిస్తే ఖర్చు సగం తెలిసినట్టే

మన తాతల నోట లారీ అంటే టాటా బెంజి. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకున్నారు, అది 1969 దాకా సాగింది. ఆ వంశంలోదే 697 ఇంజను. 6 అంటే ఆరు సిలిండర్లు, 97 అంటే బోరు వెడల్పు మిల్లీమీటర్లలో. చిన్న బళ్ళ 497కి నాలుగు సిలిండర్లు, అదే 97. పేరులోనే కొలత ఉంది చూశారా! ఈ ఇంజన్లకి లైనర్లు, పిస్టన్లు ఏలూరులో దొరక్కపోతే బెజవాడ ఆటోనగరులో దొరుకుతాయి. చేసే చేతులూ దొరుకుతాయి.

టాటాలు, కమిన్స్ వాళ్ళు కలిసి 1993లో జంషెడ్‌పూర్‌లో పెట్టిన కంపెనీ ఇంజన్ల సంగతి వేరు. ఆ పాత ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల ఇంజనుకి లైనరు ఉండదు, బ్లాకులోనే బోరు. అరిగితే బ్లాకుని లేతు షాపులో పెద్దది చేసి అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో పెద్ద పిస్టన్లు వేయాలి. అదీ అయిపోతే స్లీవు దింపాలి. బ్లాకు మిషను మీదకి ఎక్కాల్సిందే కాబట్టి ఇంజను దించకుండా పని అవ్వదు. తడి లైనర్లున్న ఇంజను అయితే కింద క్రాంకు బాగున్నప్పుడు చాసిస్ మీదే లైనర్లు మార్చే వీలుంటది.

2017 ఏప్రిల్లో దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక లెక్క ఇంకా మారింది. పాత బళ్ళకి మైకో పంపు, మామూలు నాజిళ్ళు. కొత్తవాటికి కామన్ రైలు. వెయ్యి బార్ల పైన ఒత్తిడితో డీజిలు కొడతది. ఒక ఇంజెక్టరు కారిందంటే పిస్టను తలకి బెజ్జం పడుద్ది. బీఎస్-6 బండి ఆయిలు మండిస్తే ఆ బూడిద వెళ్ళి సైలెన్సర్ దగ్గరున్న ఫిల్టర్లో కూరుకుంటది, అది మరో పెద్ద ఖర్చు. పాత బండి ఆయిలు తాగినా ఏడాది లాగించొచ్చు, కొత్త బండికి ఆ అవకాశం లేదు.

బిల్లు ఎలా పెరుగుద్ది

ఈమధ్య మన చుట్టుపక్కల షెడ్లలో నా కళ్ళముందు జరిగిన పనుల్ని బట్టి చెబుతున్నా. మెకానికల్ పంపున్న పాత ఆరు సిలిండర్ల ఇంజను పూర్తి పనికి లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా తేలుతుంది. కామన్ రైలు బండికి ఇంజెక్టర్లు కూడా పోయుంటే అంతకి చానా పైకే పోతది. మీ బిల్లు వేరేగా ఉండొచ్చు గానీ, దాని తయారీ మాత్రం ఇంతే.

"బోరు" అని ఫోన్లో చెప్పేది ఒక్క ముక్క: లైనర్లు లేదా బోరింగు, పిస్టన్లు, రింగులు. దాని వెనక వచ్చేవి చూడండి. క్రాంకు కొలిస్తే గుండ్రం పోయుంటది, పది థౌ గ్రైండింగు, అంటే పావు మిల్లీమీటరు తగ్గించడం. ఇంతకుముందే ఇరవై, ముప్ఫై థౌ అయిపోయుంటే కొత్త క్రాంకే. క్రాంకు తగ్గితే దానికి తగ్గ బేరింగులు. హెడ్డు ప్లేనింగు, గైడ్లు, వాల్వు సీట్లు. ఆయిల్ పంపు. వాటర్ పంపు. గాస్కెట్ల సెట్టు. నాజిళ్ళు, పంపు క్యాలిబ్రేషను. టర్బో. ఇంజను దించాం కదా అని క్లచ్ ప్లేటు. ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు. చివర్న మేస్త్రి కూలి, లేతు కూలి. ఒక్కోటీ చిన్నదే. అన్నీ కలిస్తే మొదట చెప్పిన ముక్క మొత్తంలో సగం కూడా ఉండదు.

బిల్లులో రాయని ఖర్చు ఇంకోటి ఉంది. బండి షెడ్లో ఉన్నన్ని రోజులూ ఫైనాన్సు వాయిదా ఆగదు, డ్రైవరు ఇంట్లో పొయ్యి ఆగదు. సామాను కోసం పది రోజులు ఎదురుచూస్తే ఆ పది రోజుల కిరాయి కూడా ఇంజను ఖర్చులోదే. అందుకే విప్పిన రోజే అన్నీ కొలిపించి, మొత్తం జాబితా ఒకేసారి రాయించుకోవాలి. రోజుకో సామాను అని తిరిగితే బండి నెల దాటినా కదలదు.

సామానుకి బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బళ్ళ విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బిల్లు లేకుండా తీసుకుంటే మిగిలేది ఇప్పుడు ఇంకా తక్కువ. నకిలీ బేరింగు పడితే పోయేది మాత్రం మొత్తం ఇంజను.

సగం పని చవకా?

"ఇప్పటికి రింగులేసి లాగించేద్దాం బాబాయ్" అనే మాట మన షెడ్లలో రోజూ వినపడతది. డబ్బుల్లేక అనే మాటే, కాదనను. కానీ లెక్క వేద్దాం. కోడిగుడ్డు వాటం అయిన బోరులో కొత్త రింగులు వేశారనుకోండి. రింగు గుండ్రం, గోడ గుండ్రం కాదు. సందు అలాగే ఉంటది. పైగా కొత్త రింగులతో కంప్రెషను కాస్త పెరిగితే ఆ బరువు కింద అరిగిన బేరింగుల మీద పడుద్ది. పైపని చేయించి కింద వదిలేస్తే జరిగేది ఇదే.

ఆ సగం పనికి 90 వేలు పెట్టి, బండి 60 వేల కిలోమీటర్లు తిరిగి మళ్ళీ విప్పారనుకోండి. కిలోమీటరుకి రూపాయిన్నర పడింది. అన్నీ కొలిచి 2 లక్షల 10 వేలు పెట్టిన ఇంజను 3 లక్షల కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకి 70 పైసలు. చవకనుకున్నది రెండింతలు పైన పడింది. లెక్క ఎప్పుడూ బిల్లు మొత్తంతో కాదు, కిలోమీటరుతో చేయాలి.

డీజిలు లెక్క కూడా చూడండి. హౌరా పోయి రావడానికి 2,400 కిలోమీటర్లు. లీటరుకి నాలుగిచ్చే బండికి 600 లీటర్లు చాలు. అది మూడున్నరకి పడిపోతే 686 లీటర్లు కావాలి. లీటరు 95 వేసుకున్నా ట్రిప్పుకి 8 వేల పైన, నెలకి మూడు ట్రిప్పులైతే 24 వేల పైన గాల్లో కలుస్తుంది. మేస్త్రికి ఇవ్వడానికి లేవనుకున్న డబ్బులు బంకులో కట్టేస్తున్నాం. అలాగని మైలేజీ తగ్గిందంటే బోరే అనుకోకూడదు. ముందు నాజిళ్ళు, టైర్ల గాలి, బ్రేకులు పట్టేస్తున్నాయా అన్నది చూడాలి. వేలల్లో పోయేదానికి లక్షలు పెట్టనక్కర్లేదు.

పెట్టకూడని బండి

చేపల బండికి ఇంజను కంటే ముందు చాసిస్ పోతది. ఐసు నీళ్ళు, చేప నీచు ఏళ్ళ తరబడి కారి కారి ఇనుము పొరలు పొరలుగా లేస్తది. ఇంజను మీద రెండు లక్షలు పెట్టేముందు సుత్తి పట్టుకుని బండి కిందకి దూరండి. క్రాస్ మెంబర్లు, స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర కొట్టి చూడండి. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏడాదికోసారి కావాలి. చాసిస్ బాగుండకపోతే కొత్త ఇంజను పాత గోడకి కొత్త తలుపు పెట్టినట్టే. అలాంటప్పుడు బండిని ఉన్నది ఉన్నట్టు అమ్ముకోవడమే మేలు.

సెకండ్ హ్యాండ్ ఇంజను వేసేద్దామనుకుంటే దానికీ ఇదే మాట. కంప్రెషను అంకెలు చూడకుండా కొనొద్దు. అది ఎక్కడిదో కాగితం ఉండాలి, కొత్త ఇంజను నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే చెక్‌పోస్టులోనో, ఇన్సూరెన్సు క్లెయిములోనో ఇరుక్కుంటారు.

మేస్త్రిని ఏమడగాలి

ఒక తెల్లకాగితం తీసుకెళ్ళండి. ప్రతి బోరుకీ పైన, మధ్య, కింద; ఒక్కో చోట అటూ ఇటూ రెండు దిక్కులా, బోరు గేజీతో ఎంతొచ్చిందో రాయమనండి. క్రాంకు జర్నల్ ప్రతిదీ మైక్రోమీటరుతో ఎంతుందో రాయమనండి. హెడ్డు వంపు, రింగు సందు. పక్కన కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉన్న పరిమితి రాయమనండి. ఈ రెండు వరసలూ పక్కపక్కన ఉంటే ఏది మార్చాలో, ఏది మార్చక్కర్లేదో మీకే తెలుస్తది. కొన్నిసార్లు ఖర్చు తగ్గుద్ది కూడా. క్రాంకు బాగుందని కాగితం చెబితే గ్రైండింగు ఎందుకు?

మంచి మేస్త్రి ఈ కాగితానికి కోప్పడడు. చేసిన పనికి అదే ఆయనకి సాక్ష్యం. మన షెడ్లలో చదువు పెద్దగా లేకపోయినా చేత్తో ముట్టుకుని జబ్బు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. ఆ చేతికి గేజీ తోడైతే ఇంకా మంచిది. బోరు గేజీ, మైక్రోమీటరు, టార్క్ రెంచి ప్రతి చిన్న షెడ్డూ కొనలేదు. లారీ ఓనర్ల సంఘాలు ఊరికో సెట్టు కొనిపెట్టి షెడ్లకి అద్దెకిస్తే ఏలూరు, గూడెం, కైకలూరు మూడు చోట్లా ఎన్ని ఇంజన్లు బతుకుతాయో. చందాలు పండగ ఫ్లెక్సీలకి వసూలు చేస్తున్నాం గదా, దీనికీ చేయొచ్చు.

పనయ్యాక కూడా తొందర వద్దు. కొత్త రింగులు గోడకి కుదురుకోవాలంటే కాస్త బరువు పడాలి. షెడ్లో నిలబెట్టి గంటల తరబడి ఊరికే తిప్పితే గోడ నున్నగా గాజులా మారి ఆయిలు తాగడం మొదలెడతది. అలాగని మొదటి ట్రిప్పే ఫుల్లు లోడుతో హౌరా తోలకూడదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒక మాదిరి లోడుతో గూడెం, బెజవాడ, రాజమండ్రి తిప్పండి. ఆయిలు, ఫిల్టరు తొందరగా ఒకసారి మార్చండి. పాత ఆయిలు వంచినప్పుడు పళ్ళెంలో మెరుపు రజను కనపడుతుందేమో చూడండి. ఆ కొలతల కాగితాన్ని మాత్రం ఆర్సీ పక్కనే పెట్టుకోండి. రేపు మళ్ళీ విప్పినప్పుడు, లేదా బండి అమ్మినప్పుడు, "ఇంజను బాగా చేయించానండి" అన్న మాట కంటే ఆ కాగితమే ఎక్కువ రేటు పలుకుద్ది.